రైసుమిల్లు కాటా ప్రోగ్రాంలో డిజైన్ ప్యాటర్న్‌లు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కోవూరు పక్క రైసుమిల్లుకు జావాలో ధాన్యం కొనుగోలు ప్రోగ్రాం రాశారు. కాలేజీలో చదివిన డిజైన్ ప్యాటర్న్‌లు, అంటే తరచూ ఎదురయ్యే చిక్కులకు క్లాసులను అమర్చే పేరున్న పద్ధతులు, సింగిల్టన్, ఫ్యాక్టరీ, డెకొరేటర్, అబ్జర్వర్ అన్నీ అందులో వాడారు. ఇప్పుడు మిల్లు ఓనరు కొత్త కోత (రైతు లెక్కలోంచి తగ్గించే బరువో డబ్బో) ఒకటి కలపమంటే ఆరు ఫైళ్లు తెరవాల్సి వస్తోంది. ప్యాటర్న్‌లు వాడితే మార్పులు తేలికవుతాయన్నారు గదా, మరి ఇట్లా ఎందుకైంది, వీటిలో ఏవి ఉంచుకోవాలి అని.

ప్రతి ప్యాటర్నూ ఒక వైపు నుంచి వచ్చే మార్పును తేలిక చేస్తుంది. అందుకు ఖరీదుగా ఇంకో వైపు నుంచి వచ్చే మార్పును కష్టం చేస్తుంది. ఒకే పనికున్న వేర్వేరు లెక్క పద్ధతులను ఒక్కో క్లాసులో పెట్టే స్ట్రాటజీనే తీసుకోండి. కొత్త లెక్క పద్ధతి కలపాలంటే ఒక క్లాసు రాస్తే చాలు. కానీ ఆ ఇంటర్‌ఫేస్‌లో (ఆ క్లాసులన్నీ పాటించాల్సిన మెథడ్‌ల ఒప్పందం) మెథడ్‌కు ఒక పారామీటరు కలపాలంటే అన్ని క్లాసులూ ముట్టుకోవాలి. కాబట్టి మార్పు ఎటునుంచి వస్తుందో తెలియకుండా ప్యాటర్న్ పెడితే సగం సార్లు తప్పు వైపే గట్టిపడుతుంది. మీ ఆరు ఫైళ్ల బాధ అదే. ముందు ఒక కాగితం తీసుకుని మిల్లులో ఏది ఎంత తరచుగా మారుతుందో రాయండి. ధర రోజూ మారుతుంది. రకాలు సీజనుకోసారి మారుతాయి. తేమ కోత పద్ధతి వ్యాపారిని బట్టి మారుతుంది. వేబ్రిడ్జి ఇండికేటర్ (లారీ కాటా బరువు చూపే పెట్టె) చెడిపోయినప్పుడు మారుతుంది. లోడు బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయడం మాత్రం ఎప్పటికీ మారదు. ఆ తీసివేతకు కూడా మీ కోడులో ఒక ఇంటర్‌ఫేస్, ఒక అబ్‌స్ట్రాక్ట్ క్లాసు ఉన్నట్టు మీ వర్ణనను బట్టి అర్థమవుతోంది. అవి రెండూ తీసేయండి.

ఆ కాగితం మీద రెండో గీత గీయండి. మారేది విలువా, పద్ధతా? విలువ అయితే దాని చోటు డేటాబేస్ టేబుల్. పద్ధతి అయితేనే క్లాసు. ఈ ఒక్క ప్రశ్న వేసుకోకపోవడం వల్లే అక్కర్లేని ప్యాటర్న్‌లు ఎక్కువగా వచ్చి చేరతాయి.

కొలతల సంగతి చూద్దాం. నెల్లూరు వైపు ధాన్యం బేరం పుట్టి లెక్కన జరుగుతుంది, పుట్టి అంటే 850 కిలోలు. ఒంగోలు వైపు నుంచి వచ్చే రైతు 75 కిలోల బస్తా లెక్క అడుగుతాడు. ప్రభుత్వ మద్దతు ధర క్వింటాకు ప్రకటిస్తారు. మీరు వీటికి పుట్టి క్లాసు, బస్తా క్లాసు, క్వింటా క్లాసు రాసి, వాటిని తయారుచేయడానికి అబ్‌స్ట్రాక్ట్ ఫ్యాక్టరీ కూడా పెట్టారు. ఈ మూడింటికీ తేడా ఒక్క సంఖ్యే: 850, 75, 100. లోపల అంతా కిలోల్లో ఉంచండి. కొలత పేరు, దానికి ఎన్ని కిలోలు అనే రెండు గడుల టేబుల్ ఒకటి పెట్టండి. ధర తీసుకునేటప్పుడు కిలో ధరకు మార్చండి, చీటీ మీద అచ్చు వేసేటప్పుడు తిరిగి రైతు అడిగిన కొలతలో చూపించండి. నాలుగు క్లాసులు పోయి మూడు వరుసలు మిగులుతాయి.

రకాల విషయమూ ఇంతే. సాంబమసూరి, నెల్లూరు మసూరి ఇలా రకానికో సబ్‌క్లాసు రాయడం ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసును పుట్టించడం) నేర్చుకున్న కొత్తలో అందరూ చేసే పని. 3 రకాలు, 2 కొలతలు, 3 కోత పద్ధతులు ఉంటే, అన్నిటినీ ఇన్‌హెరిటెన్స్‌తోనే విడదీస్తే 18 క్లాసులు అవుతాయి. నాలుగో రకం వస్తే 24. కూడినట్టు పెరగాల్సింది గుణించినట్టు పెరుగుతోందంటే అక్కడ ఇన్‌హెరిటెన్స్ తప్పు చోట ఉందని గుర్తు. రకం టేబుల్‌లో వరుస, కొలత ఇంకో టేబుల్‌లో వరుస, కోత పద్ధతులకు మాత్రమే ఒక్కో క్లాసు. అప్పుడు 18 పోయి 3 మిగులుతాయి.

ఇక నిజంగా స్ట్రాటజీ కావలసిన చోటు తేమ కోత. ఇక్కడ మారేది సంఖ్య కాదు, లెక్క వేసే తీరే. మద్దతు ధర కొనుగోలులో తేమ పరిమితి 17 శాతం. నికర బరువు 850 కిలోలు, మీటరులో తేమ 20 శాతం వచ్చిందనుకోండి. ఒక పద్ధతిలో పరిమితి దాటిన ప్రతి శాతానికి బరువులో ఒక శాతం తీస్తారు. 3 శాతం అంటే 25.5 కిలోలు పోయి 824.5 మిగులుతాయి. రెండో పద్ధతి ఎండు పదార్థం లెక్క. 20 శాతం తేమలో గింజ 80 పాళ్లు. అదే గింజ 17 శాతం తేమకు ఎండితే 83 పాళ్లలో ఉంటుంది. కాబట్టి 850ని 80తో గుణించి 83తో భాగించాలి, 819.28 కిలోలు వస్తాయి. రెండింటికీ తేడా 5.22 కిలోలు. పుట్టి ధర 20,000 అనుకుంటే సుమారు 123 రూపాయలు. మూడో పద్ధతి మిల్లు వాళ్ల సొంత పట్టిక: ఇంత నుంచి ఇంత తేమ ఉంటే పుట్టికి ఇన్ని కిలోలు అని. మొదటిదాన్ని రెండోదానిగా మార్చడానికి ఏ సంఖ్యను మార్చినా కుదరదు. ఇలాంటి చోటే స్ట్రాటజీ తన ఖర్చు తాను రాబడుతుంది.

ఆ ఇంటర్‌ఫేస్‌ను ఎలా రాస్తారన్నది ముఖ్యం. మీరు మెథడ్‌కు బరువు, తేమ అని రెండు విడి సంఖ్యలు పంపుతున్నారు. రేపు ఓనరు తాలు శాతం కూడా చూడమంటాడు, అన్ని క్లాసుల్లోనూ పారామీటరు కలపాలి. దీనికి బదులు కొలతలన్నీ ఉన్న ఒక చిన్న మారని ఆబ్జెక్టు పంపండి: నికర బరువు, తేమ, తాలు, రకం. జావా 16 నుంచి రికార్డు ఉంది, దానికి అదే సరిపోతుంది. తిరిగి వచ్చేది కూడా ఉత్త సంఖ్య కాకూడదు. కోత పేరు, లెక్క వివరం, కిలోలు, ఈ మూడూ ఉన్న ఒక లైను రావాలి. ఎందుకంటే రైతు చీటీ పట్టుకుని ఇది దేనికి కోశారని అడుగుతాడు, దానికి జవాబు చీటీలోనే ఉండాలి. సంఖ్య మాత్రమే తిరిగి ఇచ్చే స్ట్రాటజీ అయితే అచ్చు వేసే కోడు మళ్లీ ఏ పద్ధతి వాడారో కనుక్కోవడానికి ఇంకో ఇఫ్-ఎల్స్ రాసుకుంటుంది. పోయిందనుకున్న ఇఫ్ దొడ్డిదారిన తిరిగొచ్చినట్టే.

2014లో జావా 8 వచ్చాక స్ట్రాటజీని లాంబ్డాతో (క్లాసు లేకుండా అక్కడికక్కడే రాసే చిన్న ఫంక్షన్) ఒక్క లైనులో రాయొచ్చు. పద్ధతికి పేరు, సొంత సెట్టింగులు, సొంత టెస్టులు అక్కర్లేకపోతే లాంబ్డా చాలు. తేమ కోతకు ఆ మూడూ కావాలి గనక క్లాసులే రాయండి. ప్యాటర్న్‌లను పేర్లు పెట్టి ప్రచారంలోకి తెచ్చిన నలుగురు రచయితల పుస్తకం 1994లో వచ్చింది. అందులో 23 ఉన్నాయి, ఉదాహరణలు సీ ప్లస్ ప్లస్, స్మాల్‌టాక్ భాషల్లో ఉంటాయి. అప్పట్లో క్లాసులు రాసి సాధించినవి కొన్ని ఇప్పుడు భాషలోనే ఉన్నాయి, జాబితాలోని వాటిని ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్ అందుకు తేలికైన ఉదాహరణ. ఇంటర్వ్యూకు 23 పేర్లూ చదవండి, ఉపయోగమే. ప్రోగ్రాంలో మాత్రం ఆ 23ను చెక్‌లిస్టుగా పెట్టుకోకండి.

ఒక ఆబ్జెక్టు మీద ఇంకోదాన్ని పొరలా తొడిగే డెకొరేటర్ దగ్గరకు వద్దాం, మీ ఆరు ఫైళ్లలో మూడు ఇక్కడివే. గోతాల బరువు ఒక డెకొరేటర్, తేమ ఒకటి, హమాలీ ఒకటి, ఒకదాని మీద ఒకటి తొడిగారు. డెకొరేటర్ బాగా పనిచేసేది పొరలు ఏ వరుసలో ఉన్నా ఫరవాలేనప్పుడు, లోపల ఏముందో బయటివాళ్లకు అక్కర్లేనప్పుడు. ఫైలు చదివే స్ట్రీమ్‌కు బఫర్ తొడగడం అలాంటిది. మీ కోతలకు ఈ రెండు షరతులూ కుదరవు. వరుస మారితే మొత్తం మారుతుంది. ధాన్యం, గోతాలు కలిపి 860 కిలోలు, గోతాలు 10 కిలోలు అనుకోండి. గోతాలు ముందు తీసి తర్వాత తేమకు 3 శాతం కోస్తే 824.5 వస్తుంది. తేమ ముందు కోసి గోతాలు తర్వాత తీస్తే 834.2 లోంచి 10 పోయి 824.2. గోతానికి కూడా తేమ కోత వేసినట్టు. కన్‌స్ట్రక్టర్ల గొలుసులో ఎవరైనా రెండు పేర్లు అటూ ఇటూ చేస్తే ఈ తేడా వస్తుంది, కంపైలర్ నోరెత్తదు. పైగా చీటీలో ఒక్కో కోతా విడిగా చూపాలంటే లోపలి పొరల్లోకి తొంగి చూడాలి, అందుకే మీరు ప్రతి పొరకూ వివరం తీసే మెథడ్ ఒకటి అంటగట్టాల్సి వచ్చింది.

డెకొరేటర్లు తీసేసి కోతల జాబితా ఒకటి పెట్టండి. రెండు దశలు: మొదట బరువు కోతలు, తర్వాత డబ్బు కోతలు. బరువు కోతల్లో గోతాలు, ఆ తర్వాత తేమ, ఆ తర్వాత తాలు. బరువు తేలాక కిలో ధరతో గుణించి, అందులోంచి హమాలీ, అడ్వాన్సు లాంటివి. ప్రతి కోతా తన లైను ఇస్తుంది, లూపు ఆ లైన్లను పోగుచేస్తుంది. వరుస ఒకే ఫైలులో పైనుంచి కిందికి కంటికి కనిపిస్తుంది. ఓనరు అడిగిన కొత్త కోతకు ఒక క్లాసు, జాబితాలో ఒక లైను, అంతే. దీనికి పుస్తకంలో గొప్ప పేరు లేకపోయినా ఈ ప్రోగ్రాంలో అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచే భాగం ఇదే అవుతుంది.

ఇక్కడే రౌండింగ్ గురించి చెప్పాలి. డబ్బుకు డబుల్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే సంఖ్య రకం) వాడకండి. 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే బిగ్‌డెసిమల్ వాడండి, దాన్ని డబుల్ నుంచి కాకుండా స్ట్రింగ్ నుంచి తయారుచేయండి, పోల్చడానికి ఈక్వల్స్ కాకుండా కంపేర్‌టు వాడండి, లేకపోతే 2.0, 2.00 వేరువేరని చెబుతుంది. పైసల దగ్గర ఒక్కో లైనునూ ముందు రౌండ్ చేసి, రౌండ్ చేసిన వాటినే కూడండి. 10.335, 20.335 అనే రెండు కోతలు చీటీ మీద 10.34, 20.34గా కనిపిస్తాయి, కూడితే 30.68. మీరు మొత్తాన్ని విడిగా కూడి రౌండ్ చేస్తే 30.67 పడుతుంది. ఒక్క పైసా తేడాకే లెక్క తప్పని గుమస్తా చీటీ వెనక్కి ఇస్తాడు, అతను చేసింది సరైన పనే.

మీరు అసలు వాడని ప్యాటర్న్ ఒకటి ఉంది, మీకు అన్నిటికంటే అవసరమైనది: అడాప్టర్, అంటే బయటి పరికరం తీరును మన ప్రోగ్రాంకు కావలసిన తీరుకు మార్చే క్లాసు. వేబ్రిడ్జి ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టు ద్వారా బరువు చదివే కోడు మీ స్క్రీన్ క్లాసులో ఉంది. ఇండికేటర్ కంపెనీని బట్టి అది పంపే అక్షరాల వరుస మారుతుంది. చాలావాటికి వేగం 9600 ఉంటుంది, కొన్ని 2400 మీద నడుస్తాయి. పారిటీ (పంపిన అక్షరం సరిగా వచ్చిందో చూసే గుర్తు) సెట్టింగు కలవకపోతే అంకెల చోట పిచ్చి అక్షరాలు వస్తాయి. ఇవేవీ మిగతా ప్రోగ్రాంకు తెలియకూడదు. కాటా అని ఒక ఇంటర్‌ఫేస్ పెట్టండి, అందులో చదవడం అనే ఒకే మెథడ్. అది కిలోలు, బరువు నిలకడగా ఉందా లేదా, చదివిన సమయం, ఈ మూడూ ఇవ్వాలి. ఒక్కో ఇండికేటర్‌కు ఒక్కో అడాప్టర్ క్లాసు.

అడాప్టర్ లోపల మూడు జాగ్రత్తలు. చాలా ఇండికేటర్లు ఆపకుండా పంపుతూనే ఉంటాయి. మీరు చదవకముందే పాత రీడింగులు బఫర్‌లో పేరుకుంటాయి. బఫర్ ఖాళీ చేయకుండా చదివితే ఈ లారీ చీటీ మీద ముందు లారీ బరువు పడుతుంది. కాబట్టి మీట నొక్కగానే బఫర్ పారేసి కొత్తగా చదవాలి. రెండోది, చదవడం మధ్యలో మొదలైతే 24560లో 4560 మాత్రమే చేతికొస్తుంది. మొదలు, చివరి గుర్తులు రెండూ ఉన్న పూర్తి వరుసనే ఒప్పుకోవాలి. మూడోది నిలకడ. ఇండికేటర్ నిలకడ గుర్తు పంపితే అది చూడండి, పంపకపోతే వరుసగా కొన్ని రీడింగులు ఒకే విలువ వచ్చేదాకా ఆగండి. డ్రైవరు దిగకముందే నొక్కినా, బండి ఊగుతున్నా తప్పు బరువు పడకుండా ఉండేది దీనివల్లే. ఇదే ఇంటర్‌ఫేస్‌కు ఒక ఉత్తుత్తి కాటా కూడా రాసుకోండి, ముందుగా ఇచ్చిన బరువులు తిరిగి ఇచ్చేది. దాంతో మిల్లుకు వెళ్లకుండా ఇంట్లోనే ప్రోగ్రాం అంతా పరీక్షించుకోవచ్చు.

ఒకటి జరగగానే దానికోసం కాచుకున్న వాటన్నిటికీ కబురు పంపే అబ్జర్వర్‌ను మీరు చీటీ సేవ్ కాగానే మూడు పనులకు వాడారు: ఖాతాలో రాయడం, ప్రింటు, రైతుకు ఎస్సెమ్మెస్. ఈ మూడూ ఒక జాతివి కావు. ఖాతాలో పడకపోతే చీటీయే చెల్లదు, కాబట్టి అది అబ్జర్వర్‌గా ఉండకూడదు. చీటీ, ఖాతా రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (పడితే రెండూ పడాలి, లేకపోతే ఏదీ పడకూడదు), ఒకదాని కింద ఒకటి మామూలు కోడుగా రాయండి. ఎస్సెమ్మెస్‌ది ఇంకో చిక్కు. మీ అబ్జర్వర్ కమిట్‌కు (రాసింది డేటాబేస్‌లో ఖాయం కావడానికి) ముందే నడుస్తోంది. మెసేజీ వెళ్లాక డేటాబేస్‌లో తప్పొచ్చి రోల్‌బ్యాక్ అయితే (రాసింది రద్దయితే) లేని చీటీకి రైతు ఫోనులో మెసేజీ ఉంటుంది. ఎస్సెమ్మెస్ సర్వరు నిదానిస్తే కాటా దగ్గర స్క్రీన్ బిగుసుకుపోతుంది, బయట బండ్లు వరుస కడతాయి. ఒక అబ్జర్వర్‌లో ఎక్సెప్షన్ (పని ఆపేసే లోపం) వస్తే దాని తర్వాతివి నడవవు. దీనికి మందు: పంపాల్సిన మెసేజీని అదే ట్రాన్సాక్షన్‌లో ఒక టేబుల్‌లో వరుసగా రాయండి. వేరే థ్రెడ్ (ప్రోగ్రాంలో పక్కనే విడిగా నడిచే పని) ఒకటి ఆ టేబుల్ చూసుకుంటూ పంపి, పంపినట్టు గుర్తు పెడుతుంది. కరెంటు పోయి వచ్చినా మిగిలినవి వెళతాయి. గుర్తు పెట్టేలోపు ఆగిపోతే మెసేజీ రెండోసారి వెళ్లొచ్చు, కాబట్టి చీటీ నంబరు అందులో తప్పక ఉండాలి.

ఒక క్లాసుకు ఒకే ఆబ్జెక్టు ఉండేలా ఆ క్లాసే కట్టడి చేసే సింగిల్టన్ విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను, తీసేయండి. ఒకే డేటాబేస్ కనెక్షన్‌ను సింగిల్టన్‌లో దాచి అందరూ దాన్నే వాడుతున్నారు. ఎస్సెమ్మెస్ పంపే థ్రెడ్ రాగానే ఇది పగులుతుంది. కాటా దగ్గరి పని సగంలో ఉండగా రెండో థ్రెడ్ కమిట్ చేస్తే ఆ సగం పని కూడా కమిట్ అయిపోతుంది. అది రోల్‌బ్యాక్ చేస్తే ఇటు రాసింది చెరిగిపోతుంది. మార్గం తేలికే: ప్రోగ్రాం మొదలయ్యే చోట కనెక్షన్ పూల్ (అడిగినవాళ్లకు ఇచ్చి తిరిగి తీసుకునే కనెక్షన్ల గుంపు) ఒకటి సృష్టించి, కావలసిన క్లాసులకు కన్‌స్ట్రక్టర్ ద్వారా అందించండి. ఒకే ఒక్కటి ఉండాలనుకుంటే ఒక్కసారే సృష్టిస్తే సరి, క్లాసే ఆ నియమం పెట్టనక్కర్లేదు. జావాలో వాడే హికారీ పూల్ అయితే మీరేమీ చెప్పకపోతే గరిష్ఠంగా 10 కనెక్షన్లు ఇస్తుంది. తీసుకున్నది మూసి తిరిగి ఇవ్వకపోతే అవి అయిపోయి, 30 సెకన్లు ఎదురుచూసి ఎక్సెప్షన్ వస్తుంది. పని కాగానే కనెక్షన్‌ను తానే మూసే ట్రై విత్ రిసోర్సెస్ రాస్తే ఈ బెడద ఉండదు.

ఫ్యాక్టరీ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. కోత పద్ధతి పేరు ఇస్తే ఆబ్జెక్టు ఇచ్చే ఒక మ్యాప్ చాలు. ఒక్క జాగ్రత్త: పాత చీటీ మళ్లీ ప్రింటు తీసినప్పుడు ఇప్పటి పద్ధతితో మళ్లీ లెక్క వేయకండి. కోత లైన్లను అప్పుడే డేటాబేస్‌లో దాచి, వాటినే అచ్చు వేయండి. పోయిన రబీ చీటీ ఎప్పుడు తీసినా అదే మొత్తం చూపించాలి.

చీటీ దశలకు స్టేట్ ప్యాటర్న్ (ఒక్కో దశకు ఒక్కో క్లాసు) పెట్టాలా అని కూడా అడిగారు. టోకెన్, లోడు కాటా, తేమ, ఖాళీ కాటా, చీటీ, చెల్లింపు, రద్దు, ఏడు దశలు. దశల పేర్ల జాబితాగా ఒక ఈనమ్, ఏ దశ నుంచి ఏ దశకు పోవచ్చో చెప్పే ఒక పట్టిక దీనికి సరిపోతాయి. ఒక్కో దశలో అవే మెథడ్‌లు పూర్తిగా వేరే రకంగా నడవాల్సి వస్తే అప్పుడు స్టేట్ గురించి ఆలోచించండి. అయితే మీరు పెట్టినా పెట్టకపోయినా ఒక ప్రమాదం ఉంది. ఇద్దరు గుమస్తాలు రెండు కంప్యూటర్లలో ఒకే చీటీకి చెల్లించు మీట నొక్కితే, రెండు చోట్లా మెమరీలో దశ చీటీ అనే ఉంటుంది, రెండుసార్లు డబ్బు పోతుంది. దీన్ని ఆపేది డేటాబేసే. దశ మార్చే అప్‌డేట్‌లోనే ప్రస్తుత దశ చీటీ అయి ఉండాలనే షరతు రాసి, ఎన్ని వరుసలు మారాయో చూడండి. ఒకటి వస్తే చెల్లించండి, సున్నా వస్తే ఆపండి.

మార్పులన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు, ముఖ్యంగా పొలాల్లో వరి కోతలు నడుస్తుండగా. ముందు పాత చీటీల్లోంచి రకరకాలవి ఏరండి: తేమ సరిగ్గా 17 ఉన్నవి, దాటినవి, అడ్వాన్సు ఉన్నవి, రద్దయినవి. వాటి కొలతలు ఇచ్చి, అప్పటి మొత్తాలే వస్తున్నాయా అని చూసే టెస్టులు రాయండి. లెక్క తప్పనిపించినా టెస్టులో పాత మొత్తమే ఉంచండి, సరిదిద్దడం వేరే పని. తర్వాత గిట్ (కోడులో మార్పులు దాచే సాధనం) చరిత్ర తీసి ఏ ఫైళ్లు ఎప్పుడూ జంటగా మారుతున్నాయో చూడండి. మార్పు తీరు అక్కడ బయటపడుతుంది. ఒకే ఇఫ్-ఎల్స్ ఒక్క చోట ఉంటే వదిలేయండి. అదే షరతు మూడో చోట కనిపిస్తే ముందు దాన్ని ఒక మెథడ్‌గా విడదీసి, ఆ తర్వాతే ఇంటర్‌ఫేస్‌గా మార్చండి. మీ విషయంలో నేనైతే అడాప్టర్‌తో మొదలుపెట్టి, సింగిల్టన్ తీసి, మెసేజీల టేబుల్ పెట్టి, ఆ తర్వాత కోతల జాబితాకు వస్తాను. మొదటి మూడూ రైతు డబ్బు తప్పు పడే చోట్లు, నాలుగోది మీ శ్రమ తగ్గించేది. అన్నీ అయ్యాక, ఒకే ఒక్క క్లాసు అమలుచేస్తున్న ఇంటర్‌ఫేస్‌లు ఎన్ని మిగిలాయో వెతకండి. కాటాలాగా టెస్టు కోసం రెండోది ఉన్నవి ఉంచి, మిగతావి తుడిచేయండి.